పొలం ఇక్కడ, బతుకు అక్కడ

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన కుటుంబాల వెనక కృష్ణా కాలువ నీరుంది. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయి పశ్చిమ డెల్టాకు నీళ్లు పారాక ఇక్కడ వరి నిలకడగా పండింది. కోతకు ముందే వరిచేలో మినుములు చల్లి, నేలలో మిగిలిన తేమతోనే రెండో పంట తీయడం రైతులకు అలవాటైంది. 1916లో గుంటూరు నుంచి తెనాలి మీదుగా రేపల్లెకు రైలు వచ్చింది. మద్రాసు మెయిన్ లైను అప్పటికే తెనాలి, బాపట్లల మీదుగా పోతోంది. ధాన్యం రైలెక్కి మద్రాసు వెళ్లింది. ఆ డబ్బుతో పిల్లలు చదువు కోసం గుంటూరు, మద్రాసు రైలెక్కారు. ఇంటి అవసరాలకు పోగా మిగిలిన ధాన్యం చదువుగా మారడం ఇక్కడ వందేళ్ల కిందటే మొదలైంది. తర్వాత వచ్చిన వలసలన్నిటికీ పెట్టుబడి అదే.

వలస కూడా ఈ నేలకు కొత్త కాదు. 1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయింది. ఆయకట్టుకు నీళ్లొచ్చాయి గాని మాగాణి సేద్యం తెలిసినవారు అక్కడ తక్కువ. గుంటూరు, కృష్ణా జిల్లాల రైతులు బోధన్, వర్ని, బాన్సువాడ వైపు వెళ్లి భూములు కొన్నారు. 1950ల్లో తుంగభద్ర నీరు ఎడమ కాలువకు వదిలాక గంగావతి, సింధనూరు, మాన్వి ప్రాంతాలకు మరో వలస సాగింది. హీరాకుడ్ నీటి వెంట కొందరు ఒడిశాలోని బర్‌గఢ్ దాకా పోయారు. సొంతూళ్లో ఎకరం అమ్మితే అక్కడ దానికి ఎన్నో రెట్లు భూమి వచ్చే రోజులవి. కాలువ గట్ల పక్కన పాకలు వేసుకుని, తుమ్మచెట్లు కొట్టి, నేల చదును చేసి మళ్లు కట్టారు. కర్ణాటకలో ఆ ఊళ్ల పేర్ల చివర ‘క్యాంపు’ అన్న మాట ఈనాటికీ ఉంది. అక్కడి పిల్లలు బడిలో కన్నడం చదివారు, ఇంట్లో తెలుగు మాట్లాడారు. పెళ్లి సంబంధాలకు మాత్రం పెద్దలు తెనాలి, రేపల్లె వైపే చూశారు. పని కొత్త ఊళ్లో, చుట్టరికం పాత ఊళ్లో అన్న ఈ ఏర్పాటే తర్వాత అమెరికాలోనూ కనిపిస్తుంది.

ఆ వలసకు ఒక నీడ కూడా ఉంది. తరాలు గడిచినా స్థానికుల దృష్టిలో వీరు బయటివాళ్లే. 1969లోనూ, 2009 తర్వాతా తెలంగాణ ఉద్యమ కాలంలో ‘సెటిలర్లు’ అన్న పేరు వీరిని వెంటాడింది. నీళ్లు రాబోతున్న భూమిని చౌకగా అమ్ముకున్న స్థానిక రైతు తాను మోసపోయానని అనుకోవడానికీ కారణముంది. వలస వెళ్లినవారి కష్టాన్ని చెప్పేటప్పుడు ఆ రైతు మాట మరిచిపోవడం న్యాయం కాదు.

పొలం వెంట సాగిన వలస ఉద్యోగాల వైపు మళ్లడానికి కళాశాలలు దారి వేశాయి. 1913లో మొదటి ఆంధ్ర మహాసభ బాపట్లలో జరిగింది. మద్రాసు రాష్ట్రంలో సర్కారు కొలువులు తెలుగువాళ్లకు దక్కడం లేదన్న బాధ ఆ సభ వెనకున్న కారణాల్లో ఒకటి. 1945లో బాపట్లలో వ్యవసాయ కళాశాల, 1946లో గుంటూరులో వైద్య కళాశాల వచ్చాయి. మద్రాసులో సీటు దొరకని రైతు బిడ్డకు ఇంటికి దగ్గరలోనే పట్టా అందే అవకాశం కలిగింది.

అమెరికాలో చదివి తిరిగి వచ్చిన తరానికి డాక్టర్ యలవర్తి నాయుడమ్మ నిలువెత్తు నిదర్శనం. తెనాలి దగ్గరి యలవర్రులో 1922లో రైతు కుటుంబంలో పుట్టారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి, అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసి, మద్రాసులోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకు తిరిగి వచ్చి దానికి డైరెక్టరయ్యారు. ఆ తర్వాత దేశంలోని శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలికే అధిపతి అయ్యారు. అంటరాని పనిగా చూసిన తోళ్ల పనికి శాస్త్ర గౌరవం తెచ్చారు. 1985 జూన్ 23న మాంట్రియల్ నుంచి వస్తున్న ఎయిరిండియా ‘కనిష్క’ విమానం ఐర్లండ్ తీరానికి చేరువలో బాంబు పేలి కూలినప్పుడు మరణించిన 329 మందిలో ఆయన ఒకరు. నాయుడమ్మ తరంలో విదేశం చదువుకోవడానికే. ఉండిపోవడానికి అప్పటి అమెరికా చట్టాలు కూడా చాలా కొద్దిమందికే వీలిచ్చేవి.

ఆ చట్టం 1965 అక్టోబరులో మారింది. జాతుల వారీ కోటాలు పోయి, చదువుకు, వృత్తి నైపుణ్యానికి, కుటుంబ బంధానికి ప్రాధాన్యం వచ్చింది. అదే కాలంలో అమెరికా ఆసుపత్రులకు డాక్టర్ల కొరత. గుంటూరు వైద్య కళాశాలలో చదివినవారు పెద్ద సంఖ్యలో వెళ్లారు. 1976లో విదేశీ డాక్టర్లపై నిబంధనలు బిగిసేనాటికి మొదటి తరం కుదురుకుంది. స్థానిక డాక్టర్లు పోవడానికి ఇష్టపడని చిన్న పట్టణాల్లో, చుట్టుపక్కల యాభై మైళ్లలో మరో తెలుగు ఇల్లు లేని చోట కూడా వాళ్లు కాపురాలు పెట్టారు. కలిసిపోవడం తప్ప వారికి మరో దారి లేదు. పిల్లలు ఇంగ్లీషులోనే పెరిగారు. చాలా ఇళ్లలో తెలుగు తల్లిదండ్రుల మధ్య మాత్రమే మిగిలింది. 1976లో పిట్స్‌బర్గ్‌లో వెంకటేశ్వరస్వామి గుడి వెలిసింది. 1977లో ఉత్తర అమెరికా తెలుగు సంఘం ‘తానా’ పుట్టింది. సెలవు రోజుల్లో వందల మైళ్లు కారు నడిపి ఆ గుడికి, తానా సభలకు వెళ్లినవారు పిల్లలకు తెలుగు మొహాలు చూపించడానికే వెళ్లేవారంటే అతిశయోక్తి కాదు. గుంటూరు వైద్య కళాశాలలో చదివిన ఆ డాక్టర్ల సంఘం ‘జింకానా’ ఈనాటికీ గుంటూరు ప్రభుత్వాసుపత్రికి భవనాలు కట్టిస్తోంది. జిల్లాలోని పేద గర్భిణులకు, పసిపిల్లలకు అది నేరుగా అందే సాయం.

తిండి విషయంలో మాత్రం ఈ కుటుంబాలు కలిసిపోలేదు. అందులోనూ డెల్టా పాత్ర ఉంది. అమెరికా ఇండియన్ దుకాణాల్లో ఇరవై పౌండ్ల సంచుల్లో అమ్మే సోనా మసూరి, బీపీటీ 3291 అన్న పేరుతో బాపట్ల వరి పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకున్న వంగడం. బీపీటీ అంటే బాపట్లే. 1986లో విడుదలైన సాంబా మసూరి, బీపీటీ 5204, కూడా అక్కడిదే. డల్లాస్‌లో రైస్ కుక్కర్ పెట్టే ఇల్లాలికి సంచి మీది కంపెనీ పేరు తెలుస్తుంది, బాపట్ల పేరు తెలియదు. ఆ వంగడాలను తయారుచేసిన శాస్త్రవేత్తలకు రావలసిన పేరు రాలేదు.

రెండో విడత వలస ఇంజినీర్లది. ఇది సంఖ్యలో, స్వభావంలో వేరు. 1981లో బాపట్ల ఇంజినీరింగ్ కళాశాల, ఆ తర్వాత తెనాలి దారిలోని వడ్లమూడి దాకా ప్రైవేటు కళాశాలలు వచ్చాయి. గుంటూరు, విజయవాడ రెసిడెన్షియల్ కాలేజీలు ఇంటర్ పిల్లల్ని తెల్లవారుజాము నుంచి అర్ధరాత్రి దాకా ఎంసెట్ కోసం తోమాయి. 1990 చట్టంతో అమెరికాలో హెచ్-1బీ వీసాకు ఏటా 65 వేల పరిమితి ఏర్పడింది. వై2కే గిరాకీ, డాట్‌కామ్ జోరుతో 2001 నుంచి మూడేళ్లపాటు అది 1,95,000కు పెరిగింది. హైదరాబాద్ అమీర్‌పేటలో కోర్సు నేర్చుకుని వెళ్లినవారు వేలల్లో ఉన్నారు. 2008లో హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ తెరుచుకునేదాకా వీసా కోసం రాత్రి రైలెక్కి చెన్నై వెళ్లడం తెనాలి, బాపట్ల ఇళ్లలో మామూలు సంగతి. 2010, 2017 మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 86 శాతం పెరిగిందని అక్కడి జనగణన లెక్కల ఆధారంగా తేల్చారు. అక్కడ ఎక్కువ మంది మాట్లాడే భాషల్లో అంత వేగంగా పెరిగినది మరొకటి లేదు.

డాక్టర్ల తరానికి లేని సౌకర్యం ఈ తరానికి ఉంది. డల్లాస్ శివార్లలో, న్యూజెర్సీలో, బే ఏరియాలో ఒకే వీధిలో పది తెలుగు ఇళ్లు. ఉగాది, వినాయక చవితి, సంక్రాంతి ముగ్గులు, తెలుగు సినిమా మొదటి ఆట అన్నీ అక్కడే. 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి పిల్లలకు అ ఆలు నేర్పుతోంది. అయితే మందిలో ఉండడం వల్ల చుట్టూ ఉన్న సమాజంతో కలవవలసిన అవసరం తగ్గింది. ఇరవై ఏళ్లుగా ఉంటూ పక్కింటి అమెరికన్ పేరు తెలియని కుటుంబాలున్నాయి. కులం, ప్రాంతం గీతలు కూడా పెట్టెల్లో వెళ్లాయి. తానా తర్వాత వచ్చిన ఒక్కో సంఘం పుట్టుకలో ఆ గీతల పాత్ర ఎంతన్నది అక్కడివారికి తెలియనిది కాదు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. కాలిఫోర్నియా శాసనసభ అలాంటి బిల్లునే ఆమోదించినా ఆ ఏడాది అక్టోబరులో గవర్నర్ వీటో చేశారు. మంచి జీవితం కోసం సముద్రం దాటినవారు ఇక్కడి చెడ్డ అలవాటును అక్కడ చట్టసభల దాకా తీసుకెళ్లడం సిగ్గుపడవలసిన విషయం.

ఈ తరాన్ని నిజంగా కుదురుకోనివ్వనిది గ్రీన్‌కార్డు. ఉద్యోగం ఆధారంగా ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏటా సుమారు 1,40,000. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ ఏడు శాతానికి మించి ఇవ్వకూడదన్నది నిబంధన. చిన్న దేశానికీ, 140 కోట్ల జనాభా ఉన్న భారత్‌కూ ఒకటే కొలత. అందుకే మాస్టర్స్ చదివినవారికి వర్తించే ఈబీ-2 విభాగంలో 2025లో వంతు వచ్చింది 2013 తొలినాళ్లలో దరఖాస్తు పెట్టుకున్నవారికి. ఈ పన్నెండేళ్లలో ఉద్యోగం పోతే అరవై రోజుల్లో మరొకటి వెతుక్కోవాలి. నాలుగేళ్ల వయసులో తల్లి వెంట వెళ్లిన బిడ్డ అక్కడే బడి, కాలేజీ చదివి, 21 ఏళ్లు నిండేసరికి డిపెండెంట్ హోదా కోల్పోతాడు. పుట్టిన ఊరికి అతను చుట్టపుచూపుగా వచ్చినవాడు, పెరిగిన దేశానికి వీసా గడువు తీరిన పరాయివాడు. కుటుంబాన్ని తమలో కలుపుకోవడమన్నది అక్కడి చట్టం చేతిలో ఉన్నంతకాలం, కలవలేదని కుటుంబాన్నే తప్పుపట్టడంలో అర్థం లేదు.

భార్యల పరిస్థితి మరీ బాధాకరం. బీటెక్‌లో మంచి మార్కులతో ప్యాసై, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న అమ్మాయిని ‘అమెరికా సంబంధం’ అని పెళ్లిచేసి పంపారు. హెచ్-4 వీసా మీద దిగిన ఆమెకు ఉద్యోగం చేసే హక్కు లేదు. భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటితే పనిచేయవచ్చన్న వెసులుబాటు 2015లో గాని రాలేదు. అది కూడా ప్రభుత్వం మారినప్పుడల్లా గాలిలో దీపంలా ఊగుతోంది. కాపురంలో గొడవ వస్తే భర్త వీసాయే ఆమె వీసా. అమెరికా అబ్బాయి అని కట్నం పెంచి, పొలం రాసిచ్చిన తండ్రులు ఈ ఒక్క సంగతి ముందు తెలుసుకుని ఉంటే కొన్ని కన్నీళ్లు తప్పేవి.

విద్యార్థుల వలస ఇప్పుడు అన్నిటికంటే పెద్దది. 2023-24లో అమెరికాలో భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అన్ని దేశాలనూ దాటి మొదటి స్థానం. మొదట్లో పొలమున్న ఇళ్లకే పరిమితమైన ఈ దారి, 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక వెనకబడిన కులాల, దళిత కుటుంబాల పిల్లలకూ తెరుచుకుంది. ఇది గొప్ప మార్పు. అయితే వారి వెనక అమ్ముకోవడానికి ఎకరాలు లేవు. ఇల్లు తాకట్టు పెట్టి, బ్యాంకు అప్పు మీద వెళ్తారు. మాస్టర్స్ అయ్యాక సైన్సు, ఇంజినీరింగ్ విద్యార్థులకు మూడేళ్లు పనిచేసుకునే వీలుంది. ఆలోపు ఉద్యోగం, లాటరీలో హెచ్-1బీ రెండూ రావాలి. 2025 సెప్టెంబరులో దేశం బయటి నుంచి పెట్టే కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. కన్సల్టెన్సీ చెప్పిన మాట నమ్మి ఏదో ఒక యూనివర్సిటీలో చేరినవారికి ఏమవుతుందో 2019 జనవరిలో తేలింది. అమెరికా అధికారులే వల పన్ని నడిపిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీ కేసులో అరెస్టయిన 130 మందిలో 129 మంది భారతీయులు, వారిలో తెలుగువారే ఎక్కువ.

ఎవరు వెళ్లగలిగారన్న ప్రశ్నకు డెల్టాలో చేదు నేపథ్యముంది. 1991 ఆగస్టు 6న తెనాలికి, బాపట్లకు నడుమ మెయిన్ లైను మీదున్న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. బతికిన కుటుంబాలు ఊరు విడిచి తెనాలి చేరి తలదాచుకున్నాయి. 2007లో ఆ ఊళ్లోనే ప్రత్యేక న్యాయస్థానం శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు నిందితులందరినీ విడిచిపెట్టింది. అదే రైలు మార్గంలో ఒక ఇంటి బిడ్డ కాన్సులేట్‌కు వెళ్తుంటే, మరో ఇంటివారు ప్రాణాలు అరచేత పట్టుకుని పారిపోయారు. ఒకే నేల నుంచి రెండు వలసలు. మంచి జీవితం కోసం వెళ్లిన వలసనే గొప్పగా చెప్పుకుంటూ, బతికి ఉండడం కోసం సాగిన వలసను పక్కనపెడితే డెల్టా చరిత్ర సగమే అవుతుంది.

పిల్లలు వెళ్లిన ఇళ్లలో మిగిలినవారు పెద్దలు. కోడలో కూతురో నీళ్లోసుకుందంటే తెనాలి తల్లికి ప్రయాణం ఖాయం. 23 కిలోల పెట్టె రెండు. గోంగూర పచ్చడి, కందిపొడి, సున్నుండలు, కాన్పు తర్వాత బాలింతకు పెట్టే వాము, సొంఠి. ఆరు నెలల విజిటర్ వీసా గడువులో పురిటి స్నానాలు, వంట, పసివాడి రాత్రి జాగారం. కారు నడపడం రాదు. బయట నడిచిపోయే దూరంలో ఏదీ లేదు. గడువు అయ్యేనాటికి ఆమె తిరిగి వస్తే, వియ్యపురాలు బయల్దేరుతుంది. కొన్ని ఇళ్లలో బిడ్డనే ఇక్కడికి పంపి తాతయ్య, అమ్మమ్మల దగ్గర పెంచారు. 2021 జూలై 11న వర్జిన్ గెలాక్టిక్ నౌకలో అంతరిక్షపు అంచులకు వెళ్లివచ్చిన శిరీష బండ్ల పసితనం గుంటూరు, తెనాలిలో గడిచింది, ఆ తర్వాతే హూస్టన్‌లోని తల్లిదండ్రుల దగ్గరికి చేరింది. ఆమె ఎదుగుదలలో ఈ పెద్దల వాటా ఉంది. అలాంటి పెద్దలకు వయసు మీదపడ్డాక ఎవరు చూస్తారన్నది డెల్టా ఊళ్లలో ఇప్పుడు అందరి నోటా వినిపిస్తున్న మాట. మేడ ఉంది, కింద వాటాలో అద్దెకున్నవాళ్లే దిక్కు. రాత్రి పది గంటలకు వీడియో కాల్ వస్తుంది. ఆసుపత్రికి తీసుకెళ్లేది మాత్రం పక్కింటి అబ్బాయి.

వెళ్లినవారిలో తిరిగివచ్చినవారూ ఉన్నారు. తెనాలి పక్కనే బుర్రిపాలెంలో పుట్టి, అమెరికాలో వైద్య విద్యార్థుల కోసం యూవరల్డ్ సంస్థను నెలకొల్పిన డాక్టర్ పెమ్మసాని చంద్రశేఖర్ 2024లో గుంటూరు నుంచి లోక్‌సభకు గెలిచి కేంద్ర సహాయ మంత్రి అయ్యారు. అలాంటివారు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది. ఎక్కువ కుటుంబాలకు ఊరితో నిలిచిన బంధం రెండు రకాలది. ఒకటి బడికో గుడికో ఇచ్చే విరాళం. రెండోది పొలం. రెండో బంధం గురించే మాట్లాడవలసింది చాలా ఉంది.

అమెరికా కుటుంబాల పొలాల్లో సాగు చేస్తున్నది కౌలు రైతు. తెనాలి, రేపల్లె, బాపట్ల మండలాల్లో చేలో కనిపించే మనిషి చాలా చోట్ల భూమి సొంతదారు కాదు. ఎకరానికి ఇన్ని బస్తాలని మాట అనుకుంటారు. ఆ మాటకు కాగితం ఉండదు. 2011 చట్టం కౌలు రైతుకు రుణ అర్హత కార్డు ఇవ్వడానికి యజమాని సంతకం అడగలేదు. దాని స్థానంలో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం పదకొండు నెలల ఒప్పందం మీద యజమాని సంతకం ఉండాలన్నది. యజమాని డల్లాస్‌లో ఉంటే, ఊళ్లో పొలం చూసే బంధువు ‘సంతకం పెడితే భూమి పోతుంది’ అంటే, కార్డు రాదు. కార్డు లేకపోతే బ్యాంకు అప్పు రాదు. బీమా, నష్టపరిహారం యజమాని ఖాతాకు పోయే ప్రమాదం ఉంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటి, కోతకొచ్చిన వరిని నేలకు పరిచింది. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగి కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె లంకలను ముంచింది. రెండుసార్లూ పెట్టుబడి పోగొట్టుకున్నది కౌలు రైతు. వడ్డీకి తెచ్చిన అప్పు మిగిలిందీ అతనికే.

సంతకం పెడితే భూమి పోతుందన్న భయానికి 2019 చట్టంలో ఆధారం లేదు. ఒప్పందం వల్ల యజమాని హక్కుకు ఏ భంగమూ రాదని ఆ చట్టమే చెబుతోంది. ప్రభుత్వం చేయవలసింది కూడా ఉంది. విదేశంలో ఉన్న యజమాని ఆన్‌లైన్‌లోనే అంగీకారం తెలిపే ఏర్పాటు చేయాలి. సాగు చేస్తున్నది ఎవరో గ్రామ సచివాలయం స్వయంగా చేలో చూసి నమోదు చేయాలి. అయితే అంతవరకు ఆగనక్కర్లేదు. భూమి తల్లిదండ్రుల పేరున ఉన్న ఇళ్లలో సంతకం పెట్టవలసినవారు ఊళ్లోనే ఉన్నారు, వారికి ధైర్యం చెప్పవలసింది పిల్లలు. పిల్లల పేరున భూమి ఉంటే ఊరొచ్చిన సెలవుల్లో ఒక పూట రైతు సేవా కేంద్రానికి వెళ్తే సరిపోతుంది. తమను వీసా కాగితం కోసం పన్నెండేళ్లు నిలబెట్టే దేశంలో బతుకుతున్నవారికి, ఒక్క కాగితం లేకపోతే మనిషి పరిస్థితి ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ ఖరీఫ్ నాట్లకు ముందే డెల్టా పొలాల అమెరికా యజమానులు తమ కౌలు రైతుకు ఆ సంతకం పెట్టాలి.